మా అత్త వినని రెండో సగం

దెయ్యం అన్న మాట ఎవరి నోట వచ్చినా మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. మా వీధిలో పిల్లలకి జ్వరం వస్తే గాలి సోకిందని నిమ్మకాయలు తిప్పేవాళ్ళు. "ముందు మాత్ర వెయ్యండమ్మా!" అని అరిచి చెడ్డపేరు తెచ్చుకున్నదాన్ని నేను. ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం నాకు మింగుడుపడదు.

తొంభైల మొదట్లో మాట. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ మాది. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టర్. ఆయన పనికీ పిల్లలు బడికీ వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది నేనూ, మా అత్త అప్పలనర్సమ్మా. ఆవిడకి అక్షరం ముక్క రాదు. చెవులు మాత్రం పాము చెవులు.

మా వాడలో తెలుగువాళ్ళకి ఒక చిన్న లైబ్రరీ ఉండేది. ఒక గది, రెండు బీరువాలు. రిటైరైన సూరన్న మావయ్య దాన్ని చూసుకునేవాడు. అంత దూరంలో తెలుగు నవల దొరకడమే గగనం కాబట్టి, కాస్త లావు పుస్తకం రాగానే ఆయన దాన్ని నడిమికి కోసి, రెండు సగాలూ వేరువేరుగా దారంతో కుట్టేసేవాడు. ఒక ఇంట్లో మొదటి సగం నడుస్తుంటే, అది అయిపోయిన ఇంట్లో రెండోది నడిచేది. అలా ఒక్క పుస్తకం రెండిళ్ళకి సరిపోయేది.

అక్కడే నాకు కామేశ్వరి నవలలు దొరికాయి. అట్ట మీద దెయ్యం బొమ్మ చూసి ముందు పక్కన పడేశాను. "పట్టుకెళ్ళమ్మా, నవ్వుకుంటావు" అని మావయ్యే బలవంతంగా చేతిలో పెట్టాడు. కామేశ్వరి ఒక సముద్రపు ఊళ్ళో మెస్సు నడుపుతుంది. ఎప్పుడో పోయిన పోస్టుమాస్టరు దెయ్యమై ఆవిడ రుబ్బురోలు మీద కూర్చుని, ఊళ్ళో దొంగలనీ హంతకులనీ పట్టుకోవడానికి సాయం చేస్తుంటాడు. మధ్యలో చారులో ఉప్పెక్కువైందని సణుగుతాడు కూడా. దెయ్యం ఉంటుంది గానీ భయపెట్టదు. హత్య జరుగుతుంది గానీ నెత్తురు కనపడదు. మొదటిది ఒక్క రోజులో చదివేశాను. అన్నం మాడ్చి మా ఆయన చేత తిట్లు తిన్నాను.

రెండోదాన్నుంచి మా అత్తకి పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక వరండాలో ఆవిడ నవారు మంచం మీద పడుకునేది, నేను పక్కన పీట వేసుకునేదాన్ని. సూరన్న మావయ్య కోత వల్ల మాకో ఆట పుట్టింది. మొదటి సగం అయిపోగానే హంతకుడెవరో మేమిద్దరం చెరో పేరూ చెప్పెయ్యాలి. ఆ తర్వాతే రెండో సగం తేవాలి. నమ్మండి, ఆరు పుస్తకాల్లో ఆవిడ ఒక్కసారీ ఓడిపోలేదు. నేను ఒక్కసారీ గెలవలేదు. నాకు ఒళ్ళు మండేది.

ఎనిమిదో పుస్తకంలో ఒక పెద్దావిడని ఎవరో విషం పెట్టి చంపుతారు. మొదటి సగం అవగానే నేను ఆ పెద్దావిడ మేనల్లుడన్నాను, మా అత్త వేరేగా తేల్చేసింది.

"కాంపౌండరేనే. మనిసి సచ్చిపోతే ఎవుడైనా ఏడుస్తాడు. ఆడు గలాసు కడిగినాడు."

రెండో సగం కోసం వెళితే, తీసుకున్నవాళ్ళు పెళ్ళికని పలాస వెళ్ళారు, పుస్తకం కూడా వాళ్ళతోనే వెళ్ళింది. ఈలోగా మా అత్తకి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. రోజూ అదే అడిగేది, "పుస్తకం వొచ్చిందేటి?" అని. నాలుగు రోజులు నిద్రలేక నాకు తల పగిలిపోతోంది. ఆవిడ పడుకుంటే చాలనుకుని, "చదివేశాను అత్తయ్యా. కాంపౌండరు కాదు, మేనల్లుడు" అనేశాను.

ఎందుకన్నానో! ఒక్కసారి గెలవాలన్న కుళ్ళు కూడా ఉందేమో నాలో.

"ఓడిపోనానేటే?" అని గోడవైపు తిరిగింది. తర్వాత నాతో మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

అందరూ ఆవిడ పోయిందని ఏడ్చారు. నేను మాత్రం, ఆఖరి ఆటలో అబద్ధమాడి ఓడించానే అని ఏడ్చాను. అది ఎవరికి చెప్పుకోను? చెబితే పిచ్చిదంటారు.

దినాలు అయిన పదిరోజులకి సూరన్న మావయ్య రెండో సగం తెచ్చి గుమ్మంలో ఇచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం వర్క్‌షాపు కూత కూసింది, మా ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళారు. కరెంటు లేదు, ఫ్యాను లేదు, ఎక్కడా రేడియో లేదు. వెనక తలుపు గడియ వేసి, ఖాళీ మంచం పక్కన పీట వేసుకుని పైకే చదవడం మొదలుపెట్టాను.

నలభై పేజీల తర్వాత కాంపౌండరు ఒప్పుకున్నాడు. గ్లాసు కడగడం వల్లే దొరికిపోయాడు.

"నువ్వే గెలిచావు అత్తయ్యా" అని పైకే అన్నాను. అప్పుడు మంచం కిర్రుమంది. మనిషి మోచేతి మీద లేస్తే అయ్యే చప్పుడు అది. ఒక్కసారే.

తల ఎత్తలేదు. చదవడం ఆపితే చూడాల్సి వస్తుందని, పేజీలు తిప్పుతూ గబగబా చదువుకుంటూపోయాను. మెడ వెనక చెమట కారుతోంది. ఆఖరి వాక్యం అయ్యాకే చూశాను. మంచం ఖాళీ. దుప్పటి నలగనైనా లేదు.

ఎండకి కర్ర బీటలిచ్చి చప్పుడైందనుకున్నాను. నిజంగానే అలా అనుకుని ఆ రాత్రి నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర పక్కింటి బెంగాలీ అమ్మాయి పలకరించింది. వాళ్ళు బాఁకుడా నుంచి వచ్చి నాలుగు రోజులే. ఆ పిల్లకి తెలుగు ముక్క రాదు, మా ఇంట్లో మనిషి పోయిందని కూడా తెలియదు.

"దీదీ, కల్ ఆప్‌కా ఘర్ మే బూఢీ మా కౌన్ ఆయా థా? బహుత్ హాస్తా థా!"

నిన్న మీ ఇంటికొచ్చిన ముసలావిడ ఎవరు, తెగ నవ్వుతోంది అని. ఎవరూ రాలేదని కసిరాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఇద్దరికీ గోడ ఒకటే, ఆ నవ్వుకి తన బిడ్డ లేచిపోయిందట. నవ్వుతూ ఆవిడ ఒకటే మాట మళ్ళీమళ్ళీ అందట. ఏం మాట అన్నాను. గుర్తు చేసుకుని, చేతులు తిప్పుతూ అని చూపించింది.

"నాను సెప్నాను గదేటే! నాను సెప్నాను గదేటే!"

నా బిందె నిండి పొర్లిపోతోంది. ఇంకొక్కసారి అనమన్నాను. మళ్ళీ అదే అంది. కుళాయి గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఆ పిల్ల హడిలిపోయి నా వీపు నిమిరింది. అది భయం ఏడుపు కాదు, నెలరోజుల బరువు దిగిన ఏడుపు.

తర్వాత ఆ మంచం పక్కనే ఎన్నో పుస్తకాలు పైకి చదివాను. మంచం మళ్ళీ కదల్లేదు. చాలా ఏళ్ళకి మా ఆయనకి చెబితే, నువ్వు చదివిందే ఆ పిల్ల వినుంటుంది అన్నారు. కావచ్చు. కానీ మా పుట్టిల్లు సామర్లకోట వైపు, మా అత్తలా నేను "నాను" అనను. ఆ మాట పుస్తకంలోనూ లేదు, వెతికాను. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. పైగా ఆ మధ్యాహ్నం నేను ఒక్కసారి కూడా నవ్వలేదు.