బెంగళూరులో మా నాయన గడ్డకు ఆకలి బాగుందట

పొద్దుటి నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని ఇంట్లో తిరుగుతూనే ఉన్నాను. ధర్మవరంలో మగ్గం నేసే మా నాయనకు క్లోమంలో క్యాన్సర్. పోయిన నెల ఆ గడ్డలోంచి చిన్న ముక్క తీసి, పరిశోధన కోసం బెంగళూరు ల్యాబ్‌లో బుల్లి ఉండలుగా పెంచుతున్నారు. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టాను.

"ఒకే గడ్డలోవైనా కణాలన్నీ ఒకలా లేవండీ. ఒకే మందుకు కొన్ని చచ్చాయి, కొన్ని బతికే ఉన్నాయి. ఇది మీ నాన్నగారి వైద్యానికి పనికొస్తుందని మాత్రం ఇప్పుడే చెప్పలేం," అంది ల్యాబ్ అమ్మాయి.

అంటే మందు పనిచెయ్యదా అని నేను కంగారుగా అడగబోయాను. మగ్గం పక్కన చాప మీద పడుకున్న నాయన మాత్రం తాపీగా అందుకున్నాడు.

"ఒకే రంగు తొట్టిలో ముంచినా పట్టు నూలంతా ఒకే మాదిరి రంగు పట్టదమ్మా. అందుకే మేము ముందు కొంచెం ముంచి చూస్తాం. మీరూ అదే చేస్తాండారు. సరేగానీ, వాటికి తిండి యాడిది?"

"చక్కెర, ప్రోటీన్లు కలిపిన నీళ్లండీ. టైముకు మారుస్తాం."

"తింటాండాయా?"

"బాగా!"

నాలుగు రోజులుగా ముద్ద ముట్టని మనిషి లేచి కూర్చుని అమ్మను కేకేశాడు. "ఆడ అవి బాగా తింటాండాయంట. ఈడ నేను పస్తులుండాల్నా? సంగటి పెట్టు!"

రెండు ముద్దలు తిన్నాడు. ఆ ల్యాబ్ వాళ్లు రోజూ ఫోన్ చెయ్యరు. మీ ఇళ్లలో తిననని మొండికేసిన వాళ్లకు ఏం చెప్పి తినిపించారో కాస్త రాయండి. రేపు పొద్దునకల్లా నాకు ఇంకో సాకు కావాలి.