ఎర్ర నూలు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. అయినా మా తమ్ముడు సదానందానికి గాలి సోకిందని మా పేట కొత్తవాడ అంతా చాటింది నేనే. ఇప్పటికీ కొందరు ఆ మాటే అంటుంటారు. దాన్ని సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. మగ్గం తమ్ముడిది, నూలు కొనడం, సరుకు అమ్మడం నాది. వాడు సాయంత్రాలు కల్లు తాగేవాడు. ఆ దుకాణంలో కల్లులో నిద్రమాత్రల పొడి కలుపుతారని మాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాం. ఎంత తాగినా పొద్దున్నే మగ్గం మీద ఉండేవాడు కదా! ఒకరోజు అధికారులు ఆ దుకాణం మూయించారు. పీడ పోయిందనుకున్నాను.

రెండు రోజులకే వాడి చేతులు వణకసాగాయి. నిద్ర కరువైంది. ఎప్పుడో చనిపోయిన మా నాన్న గోడ పక్కన నిలబడ్డాడని, "బాపూ" అంటూ ఆయనతో మాట్లాడేవాడు. ఇరుగుపొరుగు గుమ్మం దగ్గర చేరి ఏమైందని అడిగారు. కల్లుకు బానిసై ఇలా అయ్యాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"గాలి సోకింది. బాపు మీదికొచ్చిండు" అన్నాను.

కల్లు అంటే నవ్వుతారు, గాలి అంటే జాలిపడతారు. అదే నా ఆలోచన.

తమ్ముడి భార్య కవిత నా మాట నమ్మింది. పరకాల అవతల తాయెత్తు కట్టే ఒకాయన దగ్గరికి పోదామంది. కాదంటే నా అబద్ధం బయటపడుతుంది. వెళ్లాం. వేపమండలతో కొట్టించి, తాయెత్తు కట్టించి తిరిగి వస్తుంటే ఆటోలోనే తమ్ముడికి ఫిట్స్ వచ్చాయి. ఇంటికి పోకుండా నేరుగా పెద్ద దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టరమ్మ ముందుగా అడిగింది ఒక్కటే. "కల్లు బంద్ జేసి ఎన్ని దినాలాయె?"

అంతదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని, మందులిస్తూ మెల్లగా తగ్గించాలని, ఆ తర్వాత మనసుకూ వైద్యం కావాలని చెప్పింది. "నడుమల మాత్రం తీస్కపోకుండ్రి. పానం దక్కదు" అంది.

మరునాడు మధ్యాహ్నం వార్డంతా మగతగా ఉంది. కిటికీ ఊచల నీడలు తమ్ముడి దుప్పటి మీద పడుగు పోగుల్లా పరుచుకున్నాయి. వాడు కళ్లు సగం తెరిచి, వట్టి చేతులతో నేస్తున్నాడు. ఒక చేత్తో పోగు దాటించడం, ఇంకో చేత్తో ఇనుప పంజా దించి ఆ పోగును బిగగొట్టడం. తొందరేమీ లేదు. చూస్తూ చూస్తూ ఉంటే నాకూ పంజా చప్పుడు, నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు, వినిపించసాగింది.

"అన్నా, ఎర్రది అందియ్యి" అన్నాడు.

వాణ్ని ఊరుకోబెట్టడానికి వట్టి చెయ్యి చాపాను. వాడు అందుకున్నాడు.

"గిదేం నూలే? అన్నీ ముడులే. నీ బేరంల మన్నువడ!"

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. కవిత మాత్రం మంచం దగ్గర నుంచి వెనక్కి జరిగింది. "బావా, సచ్చిన మామ ఇంక ఇడ్వలేదు. ఇంటికి తీస్కపోదాం. గాలని నువ్వే గద అన్నది?"

అప్పుడు చెప్పాను. గాలీ లేదు, బాపూ రాలేదు, సిగ్గుపడి నేనే అబద్ధమాడానని. ఆమె తమ్ముడి దుప్పటి సర్దింది.

"రేపటిదాంక చూస్త" అంది.

బట్టల కోసం ఇంటికి వచ్చాను. తాళంచెవి ఒక్కటే, అది బయల్దేరినప్పటి నుంచీ నా జేబులోనే ఉంది. తలుపు తీస్తే ఏటవాలు ఎండలో నూలు దుమ్ము తేలుతోంది. మేం వెళ్లేటప్పుడు మగ్గం మీద జంపఖానా నీలం చారతో ఆగిపోయి ఉంది. ఇప్పుడు ఆ నీలం మీద జానెడు ఎరుపు. ఎడమ అంచు కాస్త బిగిసి ఉంది. అలా బిగించేది మా తమ్ముడొక్కడే. అక్కడక్కడ వేలికి ముడులు తగిలాయి. గూట్లో ఉండాల్సిన ఎర్ర నూలు లడి లేదు.

భయం వేయలేదు. ఆ ఎరుపు మీద చెయ్యి వేసి, నిద్రలో నిలబడ్డవాడిలా ఉండిపోయాను. అప్పుడు కవిత గుర్తొచ్చింది. ఇది చూసిందంటే రేపటిదాకా ఆగదు. మంచం మీది నుంచి వాణ్ని లేపుకొచ్చేస్తుంది.

కింద కూర్చుని ఒక్కొక్క పోగే విప్పాను. విప్పడం అయ్యేసరికి ఎండ గోడెక్కింది.

తమ్ముడు బతికాడు. మాత్రలు మెల్లమెల్లగా తగ్గించారు. మధ్యలో ఒకసారి మళ్లీ తాగాడు. డాక్టరమ్మ తిట్టలేదు, మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇప్పటికీ కౌన్సెలింగ్‌కు వెళ్తాడు. నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. ఎవరైనా అడిగితే ఎందుకొచ్చామో ఉన్నదున్నట్టు చెబుతాను.

మళ్లీ మగ్గం మీద కూర్చున్న రోజు వాడు నీలం చార మీద వేలు పెట్టి ఆగాడు.

"గీడ ఎర్రది నేసిన గదనే. ఎవలిప్పిండ్రు?"

"కల గన్నవ్ రా."

"కలల గూడ పని జేపిచ్చినవా? మంచి సేటువే!" అని నవ్వి పంజా అందుకున్నాడు.

ఆ నూలు నా బీరువాలో ఉంది. వాడికి ఇంతవరకు చూపించలేదు. కొత్త నూలు పట్టుకుంటే తిన్నగా జారుతుంది, ఒకసారి నేసి విప్పిన నూలు వంకీలు తిరిగి ఉంటుంది. ఇది వంకీలు తిరిగే ఉంది. ఎవరు నేశారో నాకు తెలియదు. దయ్యమని మాత్రం అనను. ఆ మాట ఒకసారి అన్నందుకే తమ్ముణ్ని పోగొట్టుకోబోయాను.

ఆ మధ్యాహ్నం వార్డులో నేను వాడికి అందించింది వట్టి చెయ్యే.