లారీలో మొదటి చోటు

1956 జూన్‌లో నన్ను మూడు నెలల పరీక్ష మీద ఆఫీసు మేనేజరుగా వేశారు. మద్రాసు రాయపురంలో తోళ్ళు ఎగుమతి చేసే కంపెనీ మాది. అందులో ప్యూనుగా చేరి డిస్పాచి గుమాస్తా దాకా వచ్చినవాణ్ణి నేను. అక్షరాలు దిద్దింది ఇరవై ఆరేళ్ళకు, తపాలు కవర్ల మీది పేర్లు చూసుకుంటూ. దాన్ని దాచిపెట్టే అవసరం నాకెప్పుడూ రాలేదు.

రెండో నెలలో ఆఫీసును టి. నగర్‌కు మార్చమన్నారు. యజమాని చెట్టిగారు ఒక్కటే షరతు పెట్టారు. సోమవారం పది గంటల తపాలు కొత్త చోట విప్పాలి. లేకపోతే నేను మళ్ళీ డిస్పాచి గుమాస్తానే. వచ్చిన ఉత్తరం విప్పి, తేదీ ముద్ర కొట్టి, ఇన్‌వర్డు పుస్తకంలో నంబరు వేస్తేగాని దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఆ పని జరిగే తపాలు బల్ల లేకపోతే ఆఫీసంతా చేతులు కట్టుకు కూర్చోవలసిందే.

ఆ సోమవారం పొద్దున ఏడింటికే లారీ వచ్చింది. హెడ్ గుమాస్తా శేషయ్యగారు నాకంటే పదిహేనేళ్ళు సీనియరు.

"ఏమప్పా మునుసామీ, నా బల్ల ముందెక్కాల. ప్యూను కూర్చునే తపాలు బల్ల ఎనకాల నాది పోతే నాకేం మర్యాద?"

"సరి సార్, మీదే ముందు," అన్నాను.

ఆయన వెనుక అకౌంటెంటు, తర్వాత టైపిస్టులు, అందరి సామానూ హోదా ప్రకారమే ఎక్కింది. తపాలు బల్ల, స్టూలు చిట్టచివర తలుపు దగ్గర పడ్డాయి. శేషయ్యగారు తృప్తిగా తలాడించారు.

తొమ్మిదిన్నరకు టి. నగర్‌లో లారీ తలుపు తీస్తే మొదట దిగింది తపాలు బల్ల.

"నా బల్ల యాడ?"

"లోపల భద్రంగా ఉండాది సార్. మొదట ఎక్కింది గదా."

"ముందే చెప్పకూడదా నువ్వు?"

"మీరు మర్యాద అడిగినారు, ఇచ్చినాను."

కూలీలు నవ్వారు. కాసేపు నన్ను గుర్రుగా చూసి ఆయనా నవ్వేశారు. "ఇంక నిలబడుకొని ఏం జేసేది? ఆ ముద్ర ఇట్టా తే," అని స్టూలు లాక్కుని కూర్చున్నారు. పదికి తపాలు రాగానే కవర్లు విప్పి కొట్టడం మొదలుపెట్టారు. ముద్ర పట్టి ఎన్నేళ్ళయిందో గాని, ఒక్కటీ వంకర పడలేదు.

అప్పుడే వచ్చిన చెట్టిగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "శేషయ్య చేత ముద్ర కొట్టించినావా? ఐతే నువ్వు మేనేజరువే పో," అన్నారు. పర్మనెంటు ఉత్తర్వు ఆ నెలాఖరులో వచ్చింది.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ఆఫీసు మార్చాను. రెండుసార్లూ అదే పద్ధతి. ముందు కావలసిన సామాను చివర ఎక్కించాలి. మొదటి చోటు కావాలని పట్టుబట్టేవాళ్ళకు వాదించకుండా ఇచ్చేయాలి.