పంతులమ్మ తామర

పంతులమ్మగారు పోయారని మా అమ్మ నోటితో చెప్పలేదు. తెల్లవారుతూండగా పూలసజ్జ పట్టుకుని వెళ్ళిన మనిషి ఖాళీ సజ్జతో తిరిగివచ్చి గుమ్మంలో కూలబడింది. "ఇవాళ కోయబుద్ధి కాలేదే" అంది. పంతులమ్మగారి తోటకు వెళ్ళి పూలు కోయకుండా మా అమ్మ తిరిగిరావడం నేనెరిగి అదే మొదలు. కాసేపటికి చర్చి గంట వినిపించింది. కొల్లేట్లో పట్టుకున్న చలిజ్వరం పంతులమ్మగారిని చివరికి వదలనే లేదు.

మా వీధిలో తల్లులకూ కూతుళ్ళకూ కూడా అక్షరాలు దిద్దబెట్టిన మనిషి ఆవిడ. మిషను ఆడపిల్లల బడికి పెద్ద. నేనూ ఆవిడ దగ్గరే చదువుకుని, ఆవిడ బళ్ళోనే పంతులమ్మనయ్యాను. అయినా ఏలూరులో మా పేటవాళ్ళకు పంతులమ్మగారు అంటే ఆవిడే, నేను చిన్న పంతులమ్మని. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నాకు తెలిసిందీ మంచే. కాని ఆ మంచితనమే చివరి ఏళ్ళలో ఆవిణ్ణి కుమిలిపోయేలా చేసింది. అది దాచిపెట్టి తక్కినదంతా రాస్తే ఆవిణ్ణి గురించి రాసినట్టు కాదు.

ముందు తోట సంగతి చెప్పాలి. మనకు పెరడు అంటే నాలుగు అరటిచెట్లు, కరివేపాకు, గోడవారన ఓ మల్లెపొద. ఆవిడది అలాంటిది కాదు. విక్టోరియా రాణి కాలంలో పుట్టి పెరిగిన ఒక ముసలి దొరసాని, తన పుట్టింటి తోటను తలుచుకుంటూ వేసిన తోట అది. దొరసాని సీమకు వెళ్ళిపోతూ దాన్ని పంతులమ్మగారి చేతుల్లో పెట్టింది. కంకర పోసిన వంకరటింకర బాటలు, బాటల అంచున ఏటవాలుగా పాతిన ఇటుకలు, నీడలో ఆకుల కోసం పెంచే ఫెర్నులకని పేర్చిన రాళ్ళగుట్ట, నడిమధ్య గుండ్రటి మడి. ఆ మడిలో ఎర్రాకు మొక్కలూ పచ్చాకు మొక్కలూ నేలబారుగా కత్తిరించి, అంచులూ పూవులూ తీర్చి తివాచీ పరిచినట్టు పెంచేవారు. సీమలో ఆ పద్ధతికి తివాచీ మడి అనే పేరట. మా ఊళ్ళో తివాచీలు నేసేవాళ్ళు ఉండగా సీమ నమూనాలు ఎందుకని, పంతులమ్మగారు మగ్గాల దగ్గరికి వెళ్ళి చూసివచ్చి మా ఊరి తివాచీ పువ్వే అందులో వేశారు. తోట చివర రాతితో కట్టిన నీళ్ళతొట్టి. తొట్టికి అవతల, పక్కగేటు దగ్గర, ఎర్రటి మెట్టతామరలు.

సాయంత్రం బడి వదిలాక కత్తెర పట్టుకుని మడి ముందు కూర్చుని, ఆ తోటల కథ చెప్పేవారు. "రాణిగారి కాలంలో సీమలో ఉన్నవాళ్ళందరికీ తోటల పిచ్చి పట్టిందే అమ్మాయ్. గాజు చవకైంది. గాజుతో ఇళ్ళు కట్టి మంచు కురిసే దేశంలో మనలాంటి వేడిదేశాల మొక్కలు పెంచారు. గాజుపెట్టెల్లో మొక్కల్ని మూసి, ఉప్పుగాలి తగలకుండా ఓడల మీద ఎక్కడెక్కణ్ణించో తెచ్చుకున్నారు. కొన్నాళ్ళు ఫెర్నుల పిచ్చి. కొన్నాళ్ళు తివాచీ మడుల పిచ్చి, రుతువు మారితే ఉన్న మొక్కలన్నీ పీకి పారెయ్యడం, కొత్తవి నాటడం. చివరికి వాళ్ళలోనే కొందరికి విసుగొచ్చి, మొక్కని దాని ఇష్టానికి పెరగనివ్వండయ్యా అన్నారట."

"మరి మీరింకా కత్తిరిస్తూనే ఉన్నారేవండీ?" అన్నాను ఓసారి.

"ఆ కబురు ఇంకా ఏలూరు దాకా రాలేదులే" అని నవ్వారు.

మన ఆడవాళ్ళకి ఒక నమ్మకం ఉంది. అడిగి తెచ్చుకున్న మొక్క బతకదని, చెప్పకుండా తెచ్చుకున్నదే నాటుకుంటుందని. పంతులమ్మగారికి బైబిలు మీద ఎంత గురో ఈ నమ్మకం మీదా అంత మర్యాద. ఎవరైనా ఒక మొక్క దగ్గర ఆగి కొంగు సవరించుకుంటూ తచ్చాడితే చాలు, "నేను క్రోటన్లు చూసుకుంటున్నానండీ" అని గట్టిగా చెప్పి అటు తిరిగిపోయేవారు. తిరిగి చూసేసరికి కొమ్మ విరిగి ఉండేది, మనిషి ఉండేది కాదు. దొంగల్లో పెద్దదొంగ మా అమ్మ. ఆవిడ తోటలో కోసిన పువ్వులు దేవుడి నెత్తిన పెట్టేది, ఆవిడ ఇంట్లో మంచినీళ్ళు మాత్రం ముట్టేది కాదు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పంతులమ్మగారికి ఎప్పుడూ మండలేదు. "పువ్వైనా లోపలికి వెళుతోంది కదే" అనేవారు.

ఇక ఆ తొట్టి. ఎవరో చుట్టాలు ఎక్కణ్ణించో రైల్లో ఓ ముంతలో పెట్టి తెచ్చిచ్చిన మొక్క అందులో వేశారు. కాడలు ఉబ్బి బుడగల్లా తేలుతాయి. ఆకు గుర్రపుడెక్కలా ఉంటుంది. లేత ఊదారంగు పువ్వు, పై రేక మీద నెమలికన్ను లాంటి మచ్చ. అదీ రాణిగారి కాలంలో చెరువుల అందానికని దేశాలు తిరిగి తెచ్చుకున్న మొక్కేనట. దానికి ఆవిడ ఊదా తామర అని పేరు పెట్టారు. ఊరు ఆ పేరు పట్టించుకోలేదు. పంతులమ్మగారి తామర అంది. దాన్ని దొంగిలించని ఇల్లు మా పేటలో లేదు. ఇత్తడి గంగాళాల్లో, నూతి దగ్గర కుడితితొట్లలో, ఎక్కడ చూసినా అదే. కాపరానికి వెళ్ళే పిల్లలు చెంబులో వేసుకుని తాడేపల్లిగూడెం, అత్తిలి తీసుకుపోయారు. ఆవిడ ఎంత మురిసిపోయేవారో! తన బళ్ళో చదివిన పిల్ల తన పువ్వుతో అత్తవారింట అడుగు పెడుతోందని ఆవిడ సంతోషం.

ఒక వానాకాలం తమ్మిలేరు పొంగి ఊళ్ళోకి వచ్చింది. మా వీధి, మా నుయ్యి, ఆవిడ తొట్టి అంతా ఒకే నీరైంది. నీరు తీశాక తొట్టి ఖాళీ. పోతే పోయింది, పక్కింటి నుంచి తెచ్చుకుందామని నవ్వుకున్నాం. తమ్మిలేటి నీళ్ళు కొల్లేట్లోకే పోతాయని మాకు తెలియక కాదు, అప్పుడు తోచలేదు.

కొన్నేళ్ళయ్యాక, కొల్లేటి మధ్య ఒక లంక ఊళ్ళో చిన్న బడి పెట్టే ఆలోచనతో ఇద్దరం పడవెక్కాం. ఊరు కనుచూపు మేరలో ఉందనగా పడవ ఆగిపోయింది. చుట్టూ పచ్చటి ఆకు, మధ్యమధ్య ఊదాపువ్వులు. గూడబాతులు కూడా వాలడానికి చోటు లేక పైన తిరుగుతున్నాయి. చూడ్డానికి ఎంత అందంగా ఉందో చెప్పలేను, అందుకే భయం వేసింది. పడవవాడు గెడ ఎత్తి, దాన్ని చుట్టుకున్న వేళ్ళను లాగి పారేస్తూ తిట్టాడు.

"పాడు పంతులమ్మాకు! సంపేత్తంది."

పంతులమ్మగారు ఉలిక్కిపడి చూశారు. "ఏవిటండీ ఆ పేరు?"

"ఏలూర్లో ఎవరో పంతులమ్మంటండీ. ఆవిడ తెచ్చి పెట్టిందంట. పంతులమ్మ తామరంటారు కొందరు. తామరేంటండీ, తామరైతే దుంపన్నా తిందుం" అన్నాడు. ఎదురుగా ఉన్నది ఎవరో అతనికి తెలియదు.

ఒడ్డుకు చేరేసరికి ఒకామె చిరిగిన వల ముందేసుకుని కూర్చుని ఉంది. ఆ లంకలో నలుగురూ ఆమె మాట వింటారని తరవాత తెలిసింది. బడి పెట్టే ఆలోచనతో వచ్చామని నేను మొదలుపెట్టాను. పంతులమ్మగారు నా మాట పూర్తికాకుండానే, "ఈ ఆకు నా తోటలోదేనమ్మా. ఆ పంతులమ్మని నేనే" అనేశారు. కొంగు పట్టుకు లాగాను, విడిపించుకున్నారు.

లంకామె కేకలేస్తే బాగుండేది. వల పక్కన పెట్టి నిదానంగా చెప్పింది. "వల ఏత్తే చేప రాదండీ, ఇదే వత్తంది. పొద్దున పట్టిన సరుకు ఏలూరు చేరేతలికి మురిగిపోతంది. మీ బడి సంగతి మావోళ్ళు చూసుకుంటారు గాని, మీ చేతి మొక్క ఏదీ ఇంక మా లంకకి వద్దండమ్మా."

దణ్ణం పెట్టి మరీ అంది. మర్నాడు పంతులమ్మగారు బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు, ఆ మొక్క ఎక్కడున్నా తిరిగి ఇచ్చెయ్యమని. అక్కడే చిక్కొచ్చింది. దొంగిలించిన మొక్కను నా దగ్గరుందని ఎవరు ఒప్పుకుంటారు? "అయ్యో, మేమెందుకు తీస్తామండీ మీ తోటలో!" అని ప్రతి గుమ్మంలోనూ అదే మాట. వెనక నూతిపళ్ళెం దగ్గర ఊదాపువ్వు పూసే ఉంటుంది. మా అమ్మ కూడా కళ్ళలోకి చూస్తూ "నాకు తెలీదండీ" అంది. ఇన్నేళ్ళూ అటు తిరిగి నిలబడ్డ మనిషి ఇప్పుడు ఇటు తిరిగి చూపించమంటే ఎవరికీ చేతకాలేదు. మా ఇంటి తొట్టి నేనే ఎండగట్టాను. తక్కిన ఇళ్ళలో ఎన్ని ఎండగట్టారో, ఎన్ని కాలవలో పారేశారో నాకు తెలియదు.

నేను చాలాసార్లు వాదించాను. "కాలవలన్నిట్లోనూ ఉందండీ ఈ ఆకు. ఎటు నుంచి ఎటు వచ్చిందో ఎవరికి తెలుసు? మీ ఒక్క తొట్టితోటే కొల్లేరు నిండుతుందా?"

"ఎవరికీ తెలీదే. పేరు మాత్రం నాదే కదే" అనేవారు.

అప్పటినుంచి నీరు తగ్గిన నెలల్లో సెలవు దొరికితే చాలు లంకకు ప్రయాణం. చీర పైకి దోపి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, లంకవాళ్ళతో పాటు ఆకు లాగేవారు. లాగింది గట్టున ఎండబెట్టి తగలబెట్టేవారు. మళ్ళీ వెళ్ళేసరికి లాగినచోటే అల్లుకుని ఉండేది. లంకవాళ్ళు రమ్మనేవారు కాదు, పొమ్మనేవారూ కాదు. లంకామె పక్కనే నిలబడి లాగేది గాని పలకరించేది కాదు. ఒకసారి పంతులమ్మగారు మెట్టతామర దుంపలు గుడ్డలో కట్టి తీసుకువెళ్ళారు. "ఇది మెట్టమీదదమ్మా. ఎంత పెరిగినా గట్టు దిగదు. మీ గుమ్మం ముందు ఎర్రగా పూస్తుంది" అని బతిమాలినట్టు చెప్పారు. మేం పడవెక్కేసరికి ఆ మూట పడవ చెక్క మీద పెట్టి ఉంది. విప్పనైనా విప్పలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏలూరు దాకా వచ్చారు.

"పువ్వు బాగుందని పంచాను గాని, దాని ఆకలెంతో అడగలేదే అమ్మాయ్" అన్నారు ఆ సాయంత్రం.

చివరి రోజుల్లో తివాచీ మడి కత్తిరించేవాళ్ళు లేక నమూనా చెదిరిపోయింది. ఆవిడ దాన్ని గురించి అడగలేదు. జ్వరంలో నేను ఎప్పుడు వెళ్ళినా, "తొట్టి చూశావా?" అని మాత్రం అడిగేవారు. ఏళ్ళతరబడి అందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా ఒక్క ఆకు తేలిందేమోనని రోజూ ఆవిడకు భయమే. "నీళ్ళేనండీ, ఉత్త నీళ్ళే" అంటే కళ్ళు మూసుకునేవారు.

సమాధి దగ్గరకు ఊరంతా వచ్చింది. వెనగ్గా లంక నుంచి కొందరు వచ్చి నిలబడ్డారు. లంకామె కూడా వచ్చింది. అంతా అయ్యాక ఆడవాళ్ళం తోటలో చేరాం. ఆవిడ గుర్తుగా తలో మొక్కా తీసుకోవాలని అందరికీ ఉంది, ఎవరి చెయ్యీ సాగడం లేదు. ఎదురుగా అడిగి తీసుకోవడానికి మనిషి లేదు, అటు తిరిగి నిలబడడానికీ మనిషి లేదు. అందరం ఎండలో అలాగే నిలబడ్డాం. చివరికి మా అమ్మ నా భుజం తట్టి, "నువ్వు తిరగవే" అంది.

తొట్టి వైపు తిరిగాను. "నేను క్రోటన్లు చూసుకుంటున్నానండీ" అన్నాను. వెనక గాజుల చప్పుడు, కొమ్మలు విరుగుతున్న చప్పుడు మొదలయ్యాయి. నేను తల దించుకుని నీళ్ళకేసే చూస్తున్నాను. ఉత్త నీళ్ళు, అందులో తొట్టికి అవతలి మెట్టతామరల నీడ.

ఆ నీడల్లో పక్కగేటు తెరుచుకుంది. అంచు తడి ఆరని చీర కట్టుకున్న మనిషి ఒకామె లోపలికి వచ్చి, అటూ ఇటూ చూసి, మెట్టతామరల మొదట్లో కూర్చుని చేతులతో మట్టి తవ్వింది. తల ఎత్తితే లంకామె మొహం నాకు కనిపించేది. ఎత్తలేదు. నేను నీళ్ళల్లో చూస్తూండగానే ఆమె మట్టంటిన దుంప కొంగులో వేసుకుని, రెండు ముళ్ళు బిగించి, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది. ఎర్రపువ్వులు కాసేపు ఊగాయి. అవి కదలడం మానేదాకా నేను అటే తిరిగి నిలబడ్డాను.