ఎవరో ఒకరు ఉండిపోతే

అమ్మగారు రైలును నమ్మేవారు కాదు. అందరూ బండి ఆలస్యమవుతుందని విసుక్కుంటే, ఆమె మాత్రం ముందే వచ్చేస్తుందేమోనని బెంగపడేవారు. అందుకని తెల్లవారేసరికి గద్వాల స్టేషన్ బెంచీ మీద ఉండేవాళ్లం, ఆమె, నేను, నా ఒళ్లో టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో ఉప్పు వేసి ఉడికించిన ఆలుగడ్డలు, కొత్తగా వచ్చేవాళ్లకు. కింది గిన్నెలో పెరుగన్నం, బండి రాకపోతే మాకు. ఆ పెరుగన్నం ఒక్కనాడూ ఇంటికి తిరిగి రాలేదు.

ఇది రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ల మాట. అమ్మగారు, అయ్యగారు అంటే మా ఊరి మిషన్ బంగళాలో ఉండే తెల్లవాళ్లు, ముసలి దంపతులు. ఆ కాంపౌండ్‌లో చిన్న దవాఖాన, ఒక బడి, వెనక ఆడపిల్లల హాస్టలు ఉండేవి. వాళ్ల దేశంలోని సంఘం ఈ పని నేర్చుకోవడానికి అప్పుడప్పుడు ఒక పడుచు జంటను పంపేది. వచ్చినవాళ్లకు ఎదురెళ్లి తెచ్చుకొని, కడుపు చూసుకొని, భాష నేర్పించి, వాళ్ల కాళ్ల మీద వాళ్లను నిలబెట్టే బాధ్యత ఈ ఇద్దరిది. మా అమ్మ ఆ దవాఖానలో నర్సు. నేను వాళ్ల వరండాలో అక్షరాలు దిద్దుకొని, డిగ్రీ అయ్యాక ఆ బడిలోనే పంతులమ్మనైనదాన్ని.

కొత్తవాళ్లకు పూలదండలు వేయకూడదని అయ్యగారి నియమం. మా ఊరి సంఘపెద్దలకు ఇది మహా కష్టంగా ఉండేది. అంత దూరం నుంచి వచ్చినవాళ్లను దండ లేకుండా లోపలికి తీసుకుపోవడమేమిటని వాళ్ల బాధ. అయ్యగారు గేటు దగ్గరే వాళ్లను ఆపి, “వారు బహుగా అలసియున్నారు. వారిని నిద్రపోనియ్యుడి” అనేవారు. పడుచుతనంలో బైబిలు ముందు పెట్టుకొని తెలుగు నేర్చుకున్న మనిషి. కూరగాయల అంగట్లో వంకాయలు బేరమాడినా అదే భాష. “అయ్యగారు మాట్లాడితే ఇంట్ల గుడ్క ఆరాధన నడుస్తున్నట్టే ఉంటది” అని మా అమ్మ నవ్వేది.

అమ్మగారి సంగతి వేరు. ఆమె పుట్టిందే నాగర్‌కర్నూలులో. ఆమె తల్లిదండ్రులు కూడా ఇదే పని మీద వచ్చినవాళ్లు. వాళ్లు ఊళ్లు తిరుగుతుంటే ఈమెను పెంచింది బిజినేపల్లి పక్క పల్లె నుంచి వచ్చిన ఒక ఆయా. అందుకని ఆమె నోట మొదట వచ్చిన భాష మాదే. తల్లి భాష తర్వాత నేర్చుకున్నారట. ఆ తెల్లటి ముఖంతో “ఏందయ్యా, గట్ల చూస్తవ్, జర టికెట్ కొట్టు” అంటే, కొత్తగా డ్యూటీలో చేరిన ఆర్టీసీ కండక్టర్లు టికెట్ కొట్టడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయేవారు. అయితే నేర్పడం మాత్రం ఆమెకు చేతకాదు. ఈ మాట ఇలా ఎందుకంటారని కొత్తవాళ్లు అడిగితే, “గట్లనే అంటరు” అని ఊరుకునేవారు. అందుకే ఆ పని నా నెత్తిన పడింది.

నేను చూస్తుండగా వచ్చిన జంటలు వచ్చినట్టే పోయాయి. ఒకరికి ఎండ పడలేదు. ఒకరికి నీళ్లు పడలేదు. ఒకమ్మాయికి మొదటి వానకే వాళ్లమ్మ గుర్తొచ్చి, ఆ వాన వెలిసినా ఏడుపు వెలవలేదు. నేను విభక్తులు మొదలుపెట్టగానే వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లను మళ్లీ రైలెక్కించి వచ్చిన ప్రతిసారీ అమ్మగారు పక్కలు దులిపి, దుప్పట్లు ఉతికించి, తర్వాత వచ్చేవాళ్ల కోసం మడతపెట్టి బీరువాలో పెట్టేవారు.

ఇంతలో అయ్యగారి గుండె మొరాయించింది. ఇక ఇక్కడి ఎండలు వద్దు, మీ దేశంలో మీ పిల్లల దగ్గరికి వెళ్లిపొమ్మని హైదరాబాదు డాక్టరు చెప్పాడు. ఆయన ససేమిరా అన్నారు. దవాఖాన, బడి, హాస్టలు ఎవరి చేతుల్లో పెట్టి పోవాలి? “ఎవరో ఒకరు ఉండిపోతే అప్పుడు పోదుము” అన్నారు. అమ్మగారు ఆ మాటకు తలూపారు గానీ, ఆమె పోయేది తన ఊరికి కాదని మా అందరికీ తెలుసు. ఆ దేశం ఆమెకు సెలవుల్లో వెళ్లొచ్చే చోటు, అంతే.

నా మనసులో మాట చెప్పాలంటే, వచ్చినవాళ్లెవరూ ఉండకూడదనే నాకు ఉండేది. వాళ్లు ఉంటే వీళ్లు పోతారు. కొత్త జంట పెట్టె సర్దుకున్నప్పుడల్లా పైకి విచారంగా ఉండి, లోపల హమ్మయ్య అనుకునేదాన్ని. మళ్లీ అయ్యగారు దవాఖాన మెట్లు ఎక్కలేక గోడ పట్టుకొని నిలబడడం చూస్తే ఆ హమ్మయ్యకు నాకే సిగ్గేసేది.

అప్పుడు వచ్చారు ఆ ఇద్దరు. అతను తాడిచెట్టంత పొడవు. ద్వారబంధాలకు తల కొట్టుకోవడంతోనే మొదటి వారం గడిచింది. ఆమె పొట్టిగా, చురుగ్గా, ఏం పెట్టినా తినేది. పచ్చిపులుసును గ్లాసులో పోయించుకొని తాగింది. మా అమ్మ ఆమెను ఎగాదిగా చూసి, “ఈమె పోయేటట్టు లేదే” అంది.

ఆమెకు తెలుగులో అన్నీ వచ్చాయి గానీ మేము, మనం దగ్గర బండి ఆగిపోయింది. వాళ్ల భాషలో రెంటికీ ఒకటే మాటట. వినేవాళ్లను బయట పెడితే మేము, లోపల కలుపుకుంటే మనం అని ఎన్ని రకాలుగా చెప్పినా బుద్ధిగా తలూపి, మళ్లీ మనమే అనేది. ఆ మాట నోటికి మెత్తగా ఉందట. ఒక ఆదివారం ధైర్యం చేసి గుడిలో తెలుగులో ప్రార్థన చేసింది. “దేవా, మనం పాపులం. మనల్ని క్షమించు” అంది. పాపుల్లో దేవుణ్ని కూడా కలిపేసింది. పెద్దలకు ఒక్కసారిగా దగ్గు వచ్చింది. హాస్టలు పిల్లలు ఒకరి వీపులో ఒకరు ముఖం దాచుకున్నారు. అయ్యగారి భుజాలు ఊగడం వెనక కూర్చున్న అందరికీ కనిపించింది.

కోట కింది సందులో ఒక గాజుల దుకాణం ఉండేది. నడిపేది ఒక ముస్లిం ముసలామె, ఊరంతా ఖాలా అనేవాళ్లు. ఎవరి చెయ్యి పట్టుకున్నా గాజు ఎక్కేలోపు ఇంటి సంగతులన్నీ అడగడం ఆమె పద్ధతి. మాటల్లో పడితే నొప్పి తెలియదని. ఒకరోజు మా కొత్తమ్మాయిని అక్కడికి తీసుకెళ్లాను. “పిల్లలెంతమంది బేటీ?” అని ఖాలా అడిగింది. ప్రశ్న అర్థమైన సంబరంలో ఈమె, “మనకు పిల్లలు లేరు” అంది.

ఖాలా చేతిలో గాజు ఆగిపోయింది. ఆమెకు నిజంగానే పిల్లలు లేరు. ఊరందరికీ తెలిసినా ఆమె ముందు ఎవరూ ఎత్తని మాట అది. నేను కంగారుగా ఏదో సర్దబోయాను. ఖాలా నా వైపు చూడనేలేదు. ఆ తెల్లచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని, “ఔ బేటీ, మనకు లేరు. అల్లా మనకియ్యలే” అంది. కొంగుతో కళ్లొత్తుకొని, మళ్లీ గాజులు ఎక్కించడం మొదలుపెట్టింది. ఈమెకు సంగతి అర్థం కాలేదు గానీ కళ్లు మాత్రం నిండాయి.

దారిలో జరిగింది చెప్పాను. నడిరోడ్డు మీద, ఆటోల మధ్య, నిలబడిపోయింది. “నేను తప్పు చెప్పానా?” అని అడిగింది. “తప్పే. కానీ ఈ తప్పు నేను దిద్దను” అన్నాను, కొంచెం కోపంగానే. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆమె ఖాలా దుకాణంలోనే. వానాకాలం వచ్చింది, ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. ఇంతకన్నా చిన్న జ్వరాలకే పెట్టెలు సర్దుకున్నవాళ్లను చూసినదాన్ని, ఈమె కూడా అంతే అనుకున్నాను. ఆ రెండో రోజో మూడో రోజో, మా గేటులో ఎన్నడూ కాలు పెట్టని ఖాలా, బుర్ఖా వేసుకొని, స్టీలు డబ్బా పట్టుకొని వచ్చింది. “మన పిల్లకు జర జావ తెచ్చిన” అని అమ్మగారితో చెప్పి, తిన్నగా వెళ్లి మంచం పక్కన కూర్చుంది. అమ్మగారు చాలాసేపు గుమ్మంలో నిలబడి ఆ ఇద్దర్నీ చూశారు. తర్వాత వరండాలోకి వచ్చి, “ఈ పిల్ల ఉంటది” అన్నారు. ఆ గొంతులో సంతోషం నాకు వినపడలేదు.

జ్వరం తగ్గాక ఒకనాడు భోజనాల దగ్గర ఆ పొడుగతను చెయ్యి తుడుచుకొని లేచి నిలబడ్డాడు. భార్యాభర్తలు ముందే మాట్లాడుకొని, వాక్యం తయారు చేసుకొని వచ్చినట్టున్నారు. అయ్యగారిని, అమ్మగారిని చూస్తూ అతను నెమ్మదిగా అన్నాడు. “మేము ఇక్కడే ఉంటాము.”

ఒక్క తప్పు లేని వాక్యం. మనం అని ఉంటే ఎంత బాగుండేదో. ఆ ఇంట్లో అన్నాళ్లూ తప్పుగా పలికిన మాట ఆనాడే సరిగ్గా పలికింది, అదీ నేను నేర్పిన పాఠమే. అయ్యగారు లేచి అతణ్ని కౌగిలించుకున్నారు. అమ్మగారు పప్పు వేడి చేసుకొస్తానని వంటింట్లోకి వెళ్లారు. పప్పు బల్ల మీదే ఉంది, పొగలు కక్కుతూ.

పోయే ముందు నాగర్‌కర్నూలు చూసి వస్తానన్నారు అమ్మగారు. జీపులో ఆమె, నేను, డ్రైవరు. బీచుపల్లి వంతెన మీద డ్రైవరు ఆంజనేయుడి గుడి వైపు దండం పెట్టుకున్నాడు. ఆమె ఎప్పటిలాగే కృష్ణలో నీళ్లెంతున్నాయో వంగి చూశారు. వనపర్తిలో చాయ్ తాగాం. బిజినేపల్లి దాటాక తన ఆయా ఊరికి పోయే బాట చూపించి, ఆమె పాడే జోలపాట ఒక చరణం ఎత్తుకొని మధ్యలో ఆపేశారు.

ఆమె పుట్టిన ఇల్లు ఎరువుల గోదాము అయింది. ముందు గదిలో కాపలావాళ్ల సంసారం. ఆ ఇంటి కోడలు మంచినీళ్లిచ్చి, “ఏ ఊరమ్మా మీది?” అని అడిగింది. “ఈ ఊరే బిడ్డా” అన్నారు అమ్మగారు. తెల్లామెకు పరాచికాలు కూడా వచ్చే అని ఆ పిల్ల పకపకా నవ్వింది. అమ్మగారూ నవ్వారు. తిరిగొస్తూ పెబ్బేరు దాటాం. తర్వాత ఉన్నట్టుండి, “నేను ఆడికి పోయి ఎవరితోని మాట్లాడాలే?” అన్నారు. పోవద్దని చెప్పే ధైర్యం లేక ఆమె చెయ్యి గట్టిగా పట్టుకొని కూర్చున్నాను.

వాళ్లు రైలెక్కిన రోజు ఊరు ఊరంతా స్టేషన్‌కు వచ్చింది. ఇన్నేళ్లూ ఆగిన సంఘపెద్దలు కసితీరా దండలు వేశారు. అయ్యగారి ముఖం పూలలో మునిగిపోయింది. బండి కదిలాక అమ్మగారు కిటికీలోంచి నాకేదో గట్టిగా చెప్పారు, కూతలో వినపడలేదు. ఆ మాట ఏమిటోనని వారం రోజులు తిండి సహించలేదు. ఫోనులో అడిగితే, “నీ జడ ఊడిందని చెప్పిన” అన్నారు.

ఆ కొత్త జంట పని చక్కగా చేసుకున్నారు. తప్పు పడదామన్నా దొరికేది కాదు, అదొక బాధ. సాయంత్రం బడి వదిలాక నా కాళ్లు వాటంతటవే బంగళా వరండాకు వెళ్లేవి. లోపల అవే కుర్చీలు, అదే బల్ల. అమ్మగారి “ఏందే” అనే ఆ ఒక్క పిలుపు కోసం ప్రాణం కొట్టుకునేది. మా అమ్మను అలా పిలవమని అడిగితే, “నీకు పిచ్చి లేసింది” అని లోపలికి పోయింది.

తర్వాత ఒక చలికాలంలో అయ్యగారు పోయారు. అమ్మగారి ఫోన్లు తగ్గుతూ వచ్చి, ఆగిపోయాయి. రెండేళ్లు గడిచాక ఒక పొద్దున వాళ్ల కూతురు ఫోన్ చేసింది. చిన్నప్పుడే కొండ మీది ఇంగ్లీషు బోర్డింగు బడికి పంపిన పిల్ల, తెలుగు పూర్తిగా మరిచిపోయింది. ఇంగ్లీషులోనే చెప్పింది. అమ్మకు మతి తప్పిందట. కొన్నాళ్లుగా తమ భాష మొత్తం వదిలేసి మీ భాషే మాట్లాడుతోందట. ఏమడుగుతోందో అక్కడ ఒక్కరికీ తెలియడం లేదు, అన్నం ముట్టడం లేదు, ఏం కావాలో మీరు కనుక్కొని చెప్పండి అని బతిమాలి, ఫోను ఆమె చెవి దగ్గర పెట్టింది.

“అమ్మా, నేను” అని నా పేరు చెప్పాను.

ఆ గొంతు వినిపించింది. సన్నబడింది గానీ అదే యాస. “తెలుగు మంచిగ మాట్లాడుతున్నవే బిడ్డా. ఎన్నడొచ్చినవ్? కొత్తగనా?”

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమెకు వినపడింది.

“ఏడువకు. కొత్తల అందరికి గట్లనే ఉంటది. ఎవ్వలు తెల్వదు, ఏదీ తినబుద్ధి కాదు. జర ఓపిక పట్టు. ఈడోళ్లు మంచోళ్లు. తిన్నవా?”

“తిన్ననమ్మా. మీరే తింటలేరంట. జర తినుండ్రి.”

“తింట తియ్. ముందుగల నువ్వు చెప్పు. ఉంటవా, నువ్వు గుడ్క పోతవా?”

“ఉంటనమ్మా. నేనేడికీ పోను.”

ఫోను పక్కకు జరిగిన చప్పుడైంది. “ఏమయ్యా, ఇన్నవా? ఈ పిల్ల ఉంటదంట” అని ఆమె, పక్కనే అయ్యగారు ఉన్నట్టు, చెప్పడం వినిపించింది. “ఇగ పోదాం పా.”

కూతురు ఫోను తీసుకొని, ఏమంటోంది, ఏం కావాలట అని అడిగింది. ఏమీ వద్దంట, ఇప్పుడు తింటానంటోంది, అన్నం పెట్టండి అని చెప్పాను.