ఖాళీ బస్సులో తువ్వాలు

డెబ్బైల చివర్లో ఆదోని నుంచి విశాఖకు ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నాకు మాట్లాడే మనిషే లేడు. ఒక ఆదివారం బస్సెక్కి, సముద్రం పక్కనున్న అడవికి వెళ్లి, సాయంత్రం దాకా ఒక్కణ్ణే కొండదారుల్లో నడిచాను.

తిరిగొచ్చేసరికి ఆఖరి బస్సు ఆగి ఉంది. అలవాటుగా నా ఎమ్మిగనూరు తువ్వాలును కిటికీలోంచి సీటు మీద వేసి, సముద్రాన్ని మరొక్కసారి చూడ్డానికి వెళ్లాను. అలల హోరులో బస్సు కదిలిన చప్పుడు వినపడలేదు. వెనక్కి తిరిగితే బస్సు లేదు!

"ఆపన్నా! నేనీడ ఉండాను!" అని అరుస్తూ పరుగెత్తాను. వినేవాళ్లెవరూ లేరు. చీకటి పడుతోంది, ఏడుపొచ్చింది.

కాసేపటికి బస్సు వెనక్కి వచ్చింది.

"తువ్వాలు చూసి మీరు ఎక్కలేదని తెలిసిందండీ. బస్సంతా ఖాళీయే కదా, ఎందుకేశారు?" అన్నాడు కండక్టర్ నవ్వుతూ.

"మా ఆదోనిలో ఏయకపోతే సీటు దొరకదన్నా."

విశాఖ వచ్చాక నాకోసం ఒకరు వెనక్కి రావడం అదే మొదటిసారి. ఖాళీ బస్సయినా ఇప్పటికీ తువ్వాలు వేసే ఎక్కుతాను.