మూడు నిమిషాల చప్పుడు

పుస్తకాల్లో చేసిన ప్రయాణాలు పక్కన పెడితే, నేను ఎక్కి తిరిగిన లారీలకు లెక్కలేదు. బండి ఆగీ ఆగకముందే ఇంజను కట్టేసే అనుభవమున్న డ్రైవర్ని మాత్రం ఒక్కణ్ణే చూశాను. ఒకరోజు అతని వెంట షెడ్డుకెళ్లాను. అక్కడి మెకానిక్ అతని బావమరిదే. ఇంజనుకు గాలి ఊదే టర్బో విప్పి, లోపలి చక్రాన్ని వేలితో కదిపాడు. అది వదులుగా ఊగింది.

"ఏంటి బావా ఇది? ఆపేముందు మూడు నిమిషాలు ఇంజను ఊరికే తిరగనివ్వండి, లేకపోతే టర్బోలో నూనె మాడిపోతుందని మా చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరావు. నీకేమొచ్చింది ఇప్పుడు?"

డ్రైవరు ఆ చక్రాన్ని తనూ ఒకసారి కదిపి చూశాడు.

"మీ అక్క పోయిన రోజు ఇంటిముందు బండి ఆపి, అలవాటుకొద్దీ ఆ మూడు నిమిషాలూ సీట్లోనే కూర్చున్నానురా. జ్వరమే అన్నారు, అంతలా ముంచుకొస్తుందనుకోలేదు. లోపలికొచ్చేసరికి అయిపోయింది. ఇక ఆ మూడు నిమిషాల చప్పుడు వినలేకపోతున్నాను."

ఆ రోజు అక్క తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఈ తమ్ముడే. చేతులు తుడుచుకున్నాడు.

"ఆ చప్పుడు అక్క వింది బావా. 'మీ బావొచ్చాడు, తలుపు తియ్యరా' అంది. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి తీశాను. అటే చూస్తూ పోయింది."